వెన్నుపూసలు కలిశాయి

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మరీ పెద్దదేం కాదు, ఒక మనిషంత. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ టెక్నీషియన్ని. రోగుల్ని నవ్విస్తానని పేరు. భయపడే మనిషిని నవ్విస్తే సగం పని అయినట్టేనని ఎవరో అంటే, ఆ మాట అవసరానికి మించి నమ్మాను. రోగి ఒంట్లో సూది ఉండగా జోకులొద్దని డాక్టరుగారు ఒకసారి చెప్పారు. ఆ మాట మాత్రం అంతగా నమ్మలేదు.

పెద్దాపురంలో బట్టల కొట్టున్న షావుకారు గారికి కాలేయంలో చిన్న గడ్డ. సూది దింపి, దాని కొసన పుట్టే వేడితో గడ్డను మాడ్చేస్తారు. ముందు ఒక స్కాన్, వేడి పెట్టాక ఇంకొకటి. రెంటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తారు. మాడిన మచ్చ గడ్డను అన్ని వైపులా కప్పితే సూది తీసేస్తారు. మిగిలితే అక్కడికక్కడే మళ్లీ వేడి పెడతారు. చిక్కల్లా ఒకటే, ఊపిరితో పాటు కాలేయం జరుగుతుంది. అందుకని రెండుసార్లూ ఒకేలా ఊపిరి పట్టించాలి. తేడా వస్తే కాలేయంలోని రక్తనాళాలను ఆనవాలుగా పెట్టుకుని బొమ్మలు సరిచేయాలి. ఆ పని నాది.

రెండో స్కాన్ ముందు ఆయన ముఖం పాలిపోయి ఉంది. నేను ఊరుకోవచ్చు కదా? "షావుకారు గారూ, ఒకావిడ కొట్లో చీరలన్నీ విప్పించి ఇంకా చూపించమంటోందనుకోండి. కోపం దిగమింగి ఊపిరి బిగపట్టండి" అన్నాను.

"ఊరుకోండి బాబూ, కడుపులో సూదుంది" అంటూనే నవ్వేశారు. ఆ నవ్వు పూర్తిగా తగ్గకముందే మిషన్ కదిలింది.

బొమ్మలు కలవలేదు. ఒక నాళం కలిపితే ఇంకోటి జారిపోతోంది. మళ్లీ స్కాన్ చేద్దామంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. నాళాలు వదిలేసి వెన్నుపూసలతో కలిపాను. అచ్చు గుద్దినట్టు కలిశాయి. కలవక ఎక్కడికి పోతాయి, వెన్నుపూస ఊపిరి పీల్చదు కదా. తెర మీద మచ్చ గడ్డను చక్కగా కప్పింది.

"కలిసిందా?" అన్నారు డాక్టరుగారు.

"కలిసిందండి."

సూది తీసేశారు.

కొన్ని నెలలకు గడ్డ అంచున మళ్లీ పెరిగింది. అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు పాత బొమ్మలు తీసి, ఈసారి నాళాలతో ఓపిగ్గా కలిపాను. కలిశాయి. గోటి అంచంత గడ్డ మచ్చకు బయట ఉండిపోయింది. మళ్లీ పెరిగిందీ అక్కడే.

నా ఒక్కడిదేనా తప్పు? డాక్టరుగారూ చూశారు కదా, ఎలాగైనా పెరిగేదేమో కదా, అని సగం ఆయన వాటాకు, సగం జబ్బు వాటాకు పంచేద్దామని ఎన్నోసార్లు చూశాను. పంపకం కుదరలేదు. అయినా నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. దీని తర్వాతది.

ఆ వారమే షావుకారు గారు నన్ను వరండాలో పట్టుకున్నారు.

"బాబూ, దాచకుండా చెప్పండి. ఆ రోజు నేను కదిలానా?"

కాదనడానికి ఒక్క మాట చాలు. ఆయన అంత నమ్మకంగా చూస్తున్నారు. నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"కాస్త కదిలారు లెండి. అందరూ కదులుతారు."

"అనుకున్నానండి. కుదురుగా కూర్చోవడం రాదని మా ఆవిడ పెళ్లయినప్పట్నుంచీ అంటూనే ఉంది. ఈసారి చూడండి, రాయిలా పడుకుంటాను" అన్నారు. నన్ను ఓదార్చేలా భుజం తట్టారు.

మళ్లీ వచ్చినప్పుడు వాళ్లావిడ చెప్పారు, "రోజూ టీవీ ముందు ఊపిరి బిగపట్టి కూర్చుంటున్నారండి. సీరియల్లో ఎవరికి ఏమవుతుందోనని కాబోలు అనుకున్నాను." ఆయన సిగ్గుపడ్డారు. నేనూ నవ్వాను, నవ్వించే వాణ్ని కదా. ఆ రోజు స్కాన్లో ఆయన నిజంగానే రాయిలా పడుకున్నారు. గడ్డ అప్పటికే పెద్ద నాళంలోకి పాకింది. ఇక సూదితో పని జరగదన్నారు డాక్టరుగారు.

ఆయన దినానికి పెద్దాపురం వెళ్లాను. "ఆ రోజు ఆయన కదలకుండా ఉంటే బాగుండేది కదండీ" అన్నారావిడ. కోపంగా కాదు, కొట్టు తాళం మర్చిపోయిన భర్త గురించి చెప్పినట్టు. భోజనం చేసి వెళ్లమన్నారు. చేశాను.

ఆ ఊళ్లో మరిడమ్మ జాతరకు వెళ్లినప్పుడల్లా ఆ కొట్టు ముందు నుంచే దారి. ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చుని పలకరిస్తారు. ప్రతిసారీ చెబుదామనే వెళతాను. ఏదో జోకు వేసి వచ్చేస్తాను.

మీకు చెబితే ఆవిడకు చెప్పినట్టు కాదు, ఆ మాత్రం తెలుసు. అయినా రాస్తుంటే కాస్త గాలి ఆడుతోంది. అలా ఆడటం న్యాయం కాదనిపిస్తోంది కూడా.

షావుకారు గారు కదల్లేదు. నేను నవ్వించాను. బొమ్మలు కలవలేదని నాకు తెలుసు.