కొండ మీది వేడినీళ్ళలో రొయ్యల పంచాయితీ

2017 మార్చిలో నన్ను జపాన్ పంపించారు. అప్పటికి నేను హనుమాన్ జంక్షన్ దాటాక ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ మేనేజర్‌ని. పేరు గొప్పదే. సరుకు బాగుంటే ఆ ఘనత ప్రొడక్షన్ వాళ్ళకి పోతుంది, సరుకు వెనక్కి వస్తే ఆ పాపం క్వాలిటీ వాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ ఏడాది సరుకు వెనక్కి వచ్చింది.

ఈ వ్యాపారం తెలియనివారికి కాస్త చెప్పాలి. ఇక్కడ రొయ్యకి తల తీసి, కడిగి, కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కన వేరుచేసి, గడ్డకట్టించి కంటైనర్లో పంపుతాం. పంపేముందు నమూనాలు తీసి పరీక్షిస్తాం. జపాన్ రేవులో వాళ్ళ ల్యాబ్ మళ్ళీ పరీక్షిస్తుంది. నైట్రోఫ్యూరాన్ అనే నిషేధించిన మందు జాడ అణుమాత్రం కనిపించినా కంటైనర్ మొత్తం తిరుగుటపా. మా నమూనాలకి అందని జాడ వాళ్ళకి అందింది. మా సరుకు కొనే కురోకి గారు ఆర్డర్లు ఆపేశారు. నాగాయలంక వైపు రైతులేమో మా ప్లాంటు మాట నమ్మి అప్పటికే చెరువుల్లో రొయ్యపిల్ల వేసేశారు. వేసవిలో పట్టుబడికి వచ్చే ఆ రొయ్యని కురోకి గారు వద్దంటే, దళారీ చెప్పిన రేటుకి తెగనమ్ముకోవడమే.

మాట్లాడదాం రమ్మన్నారు కురోకి గారు. అయితే క్వాలిటీ మనిషితోపాటు రొయ్య పెంచిన మనిషి కూడా రావాలన్నారు. అలా రైతు సంఘం ప్రెసిడెంటు వీరాస్వామి గారిని వెంటబెట్టుకుని బయల్దేరాను. అరవై దాటిన మనిషి. తాతతండ్రులు సముద్రం మీద వేట చేసినవాళ్ళు. జపాన్ కొనుగోలుదార్లతో ఏళ్ళ తరబడి వేగి పనికొచ్చేంత జపనీస్ నేర్చుకున్నాను కనుక దుబాసీ పని కూడా నాకే చుట్టారు.

విమానం ఎక్కబోతుంటే మా ఎం.డి. గారు ఫోన్ చేశారు. "మందు అన్న మాట మీ నోట రాకూడదండీ. కారణం విచారణలో ఉంది, అంతే." నా ల్యాప్‌టాప్‌లోని స్లైడ్లలోనూ అదే వాక్యం, అందమైన నీలం అక్షరాల్లో.

మీటింగు ఆఫీసులో అనుకున్నాను. కురోకి గారు మమ్మల్ని కారెక్కించి కొండల్లోకి తీసుకుపోయారు. దారికి రెండుపక్కలా మంచు గుట్టలు. చివరికి ఒక పాత చెక్కల ఇంటి ముందు ఆపారు. భూమిలోంచి ఊరే వేడినీళ్ళ చుట్టూ కట్టిన సత్రం అది. కాగితం తలుపులు, కింద చాపలు, మోకాలి ఎత్తు కూడా లేని బల్ల. ప్లగ్గు కోసం వెతికాను, ఎక్కడా లేదు. నా స్లైడ్ల సంగతి అక్కడే తేలిపోయింది. ఊరంతా గంధకం వాసన.

వీరాస్వామి గారు ముక్కు మూసుకుని, "ఇక్కడ డ్రైనేజీ పొంగినట్టుందండీ, ఎవురికైనా చెప్పండి" అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు.

కురోకి గారి పద్ధతి ఏమిటంటే, ముందు కలిసి స్నానం, తర్వాతే మాటలు. ఆ స్నానానికి నియమాలున్నాయి. ముందు పీట మీద కూర్చుని, చిన్న చెక్క తొట్టితో నీళ్ళు పోసుకుని ఒళ్ళు శుభ్రంగా రుద్దుకోవాలి. ఆ తర్వాతే మడుగులో దిగాలి. మడుగులోకి సబ్బు రాకూడదు, నూలుపోగు కూడా రాకూడదు. అంటే మగవాళ్ళందరూ పుట్టినప్పుడు ఎలా ఉన్నారో అలా దిగాలి.

ఇది వీరాస్వామి గారికి చెప్పడానికి నాకు చెమట పట్టింది. ఆయన గళ్ళలుంగీ బిగించి కట్టుకున్నారు.

"దిసమొలతో నీళ్ళలోకా? గంగమ్మ తల్లి కాదండీ? ఆ తల్లి పెడితే తిన్నోళ్ళం. నేను దిగనండి."

"ఇది వాళ్ళ ఆచారమండీ. మన చెరువుల గతి ఇప్పుడు ఆయన చేతుల్లో ఉంది."

"మీరు గుణదల మేరీమాతోళ్ళు, మీకు పట్టింపు ఉండదు."

"గుణదల వాళ్ళకీ సిగ్గుంటుందండీ" అన్నాను, బట్టలు విప్పుతూనే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇది కూడా చేయాలని ఎవరూ చెప్పలేదు.

నేను ఒళ్ళు కడుక్కుని మడుగులో దిగేసరికి అవతలి గట్టున కురోకి గారు తల మీద తువ్వాలు మడతపెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి, చర్మం ఊడిపోయేంత కాగుతున్నాయి. కుడితిలో పడ్డ ఎలుకలా నేను అందులో గిలగిలలాడుతుంటే వీరాస్వామి గారు లుంగీతోనే గట్టు మీదికి వచ్చారు. "దిగను గానీ అమ్మకి చెప్పుకోవాలి కదండీ" అని, లుంగీ మడతలోంచి పొట్లం తీసి పసుపు, కుంకుమ మడుగులో చల్లారు. కృష్ణ దాటేటప్పుడు రైలు కిటికీలోంచి చల్లినంత ఇదిగా చల్లారు.

తెల్లటి నీళ్ళు ఆ మూల పచ్చబడ్డాయి. పచ్చదనం నెమ్మదిగా కురోకి గారి వైపు సాగింది. ఆయన కళ్ళు తెరిచారు.

రొయ్యలో ఉండకూడనిది ఎందుకుందో సంజాయిషీ ఇవ్వడానికి సముద్రాలు దాటి వెళ్ళిన మనిషిని నేను. ఇప్పుడు మావాడు వాళ్ళ నీళ్ళలోనే రంగు కలిపాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నీళ్ళు మాకు తల్లి అని, అది వంటలో వేసుకునే పసుపు అని, నా జపనీస్ అంతా ఊడ్చి చెప్పాను. కురోకి గారు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూశారు. లేచి వెళ్ళి పీట మీద కూర్చుని మళ్ళీ ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టారు. పని చెడిందనే అనుకున్నాను.

ఆయన కుడిచెయ్యి పైకి లేవడం లేదు. వీపు అందక అవస్థపడుతున్నారు. వీరాస్వామి గారు కాసేపు చూసి, "ఇటివ్వండి బాబూ" అని తెలుగులోనే చెప్పి, చేతిలోని గుడ్డ లాక్కుని వెనక కూర్చున్నారు. పండగపూట ఇంట్లో పెద్దవాళ్ళకి తలంటు పోసేటప్పుడు రుద్దినట్టు, మెడ నుంచి నడుము దాకా బరబరా రుద్దారు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. కురోకి గారు తల వంచి వీపు అప్పగించారు.

అలా తల వంచుకునే అడిగారు, నన్ను కాదు, ఆయన్ని. సరుకు ఎందుకు వెనక్కి వచ్చింది?

విచారణలో ఉందన్న జవాబు నా నాలుక మీదే ఉంది. కానీ ప్రశ్న కురోకి గారిది, జవాబు వీరాస్వామి గారిది, దుబాసీకి మధ్యలో సొంతమాట ఉండదు. తిట్టుకుంటూ ప్రశ్న తెలుగులో చెప్పాను.

వీరాస్వామి గారి చెయ్యి ఆగలేదు. "మందేసాం అని చెప్పండి. రొయ్య తెగులొచ్చి తేలిపోతంటే చూత్తా ఊరుకోలేకపోయాం. నా చెరువులో కూడా ఏసాను. నైట్రోఫ్యూరాన్." గుడ్డ ఇంకోసారి తడిపి, "ఈసారి పిల్లకి ఎయ్యలేదు, ఎయ్యనివ్వను. అదీ చెప్పండి" అన్నారు.

మందు పేరు వినగానే కురోకి గారి తల కొంచెం లేచింది. నాకు ఇక నీళ్ళు కలపడానికి ఏమీ మిగల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎం.డి. గారి ముఖం ఆవిర్లలో కనబడుతూనే ఉంది. కురోకి గారు తొట్టెడు నీళ్ళు ఒంటి మీద గుమ్మరించుకుని, వీరాస్వామి గారిని వెనక్కి తిరగమని సైగచేసి, ఆ పనికొచ్చే ఎడమచేత్తోనే ఆయన వీపు రుద్దారు.

భోజనాల దగ్గర ఇంకో తంటా. ఏటి చేపని కాల్చి ఎంతో అందంగా పెట్టారు. ఆరోజు శనివారం. జన్మంతా చేపలు, రొయ్యల మీద బతికిన మనిషి శనివారం నీచు ముట్టరట. సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశారు. కురోకి గారు కూడా కాస్త వడ్డించుకుని కళ్ళనీళ్ళతో తిన్నారు. అప్పుడు చెప్పారాయన. ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజే ఏ మందో తనకి తెలుసట. తనకి సరుకు పంపి వెనక్కి తెప్పించుకున్న వాళ్ళందరినీ ఈ మడుగుకే తీసుకొచ్చారట. కారణం విచారణలో ఉందని అందరూ చెప్పారట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. వాళ్ళెవరి దగ్గరా తను మళ్ళీ కొనలేదన్నారు. మా దగ్గర కొంటానన్నారు. తన మనిషి వచ్చి ప్రతి చెరువు గట్టునా నిలబడి నమూనా తీస్తాడు, ఒక్క చెరువులో తేడా వచ్చినా మొత్తం ఆగుతుంది అన్నది షరతు. మంచులా చల్లని షరతే గానీ, రైతులకి వేసవి దక్కింది.

ఎం.డి. గారికి ఫోన్లో చెబితే, "మిమ్మల్ని పంపింది స్నానానికాండీ?" అని పెట్టేశారు. ఆర్డరు వచ్చాక ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, మెచ్చుకోనూ లేదు. వీరాస్వామి గారు మాత్రం తిరుగు ప్రయాణం పొడుగునా, అంత దూరం పోయి ఒక్క మునకైనా వెయ్యలేదని సణుగుతూనే వచ్చారు.

రిటైరయ్యేదాకా నేను రాసిన ఏ రిపోర్టులోనూ, కారణం తెలిసినప్పుడు, విచారణలో ఉందని రాయలేదు. కొనేవాడి చేతికి ల్యాబ్ కాగితం మనకంటే ముందే చేరుతుంది. అతను మనల్ని అడిగేది తనకి తెలిసిన సంగతే. ఈ పాటి ముక్క నేర్చుకోవడానికి ఒక క్వాలిటీ మేనేజర్ మంచుకొండల్లో బట్టలు విప్పాల్సి వచ్చిందన్న కోపం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.