పక్క పళ్లెంలో పాలకూర

డాక్టర్ లెస్టర్ వెంజెల్ పక్కవాళ్ల పళ్లెంలో చెంచా పెట్టేవాడు. ఈ ముక్క నిజం. నేనే కాదు, డబ్బు కట్టి నా భోజనాల బల్ల దగ్గర తినే ప్రతివాళ్లూ కళ్లారా చూశారు. కానీ మా పక్కింటి పెర్ల్ ఉంది చూశారూ, ఆవిడ చర్చి మెట్ల మీద నిలబడి, "ఆయన యూనివర్సిటీలో ఎలుకల మందు చేస్తాడు, దాన్ని హిల్డా ఇంట్లో జనానికి పెట్టి చూశాడు, సంగతి బయటపడి హిల్డా ఆయన్ని వెళ్లగొట్టింది" అని చెబుతోందట. ఆ హిల్డాని నేనే. వెళ్లగొట్టిన మాట సగం నిజం. మిగతాదంతా పెర్ల్ సొంత వంట. ఆవిడ వంట ఎలా ఉంటుందో మాడిసన్‌లో తెలియనిదెవరికి?

మనిషి పొడుగు, చెయ్యి అంతకన్నా పొడుగు. పెళ్లీ పెటాకులూ లేవు. పగలంతా లాబొరేటరీలో ఎలుకల నెత్తురు గాజు గొట్టాల్లో పోసి, అటూ ఇటూ వంచి, ఎంతసేపటికి గడ్డకడుతుందా అని గడియారం చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు బల్ల దగ్గరా పోలేదు. మాంసం పులుసు గిన్నె అందిస్తే వడ్డించుకోడు, వంచి పట్టుకుని గడియారం చూస్తాడు. "తొరగా తెమల్చండి డాక్టరుగారూ, అది పులుసు, రోగి కాదు" అని నేను రోజూ అరవాల్సిందే.

మా ఇంట్లో ఒకటే చట్టం. ఆకుకూర మిగల్చకుండా తిన్నవాళ్లకే చెర్రీపళ్లు కూరి కాల్చిన తీపి రొట్టె, చెర్రీ పై. పాలకూరని వెన్నలో మగ్గబెట్టి, పందిమాంసం ముక్కలు వేయించి పైన చల్లుతాను. దానికి ఈ వీధిలో పేరుంది. అలాంటి పాలకూర మీదికే పోయేది డాక్టర్ చెంచా. మాంసం ముట్టడు, బంగాళాదుంపల వంక చూడడు. పాలకూర, లేకపోతే క్యాబేజీ.

ఒకరోజు బడిపంతులమ్మ ఇర్మా పళ్లెంలోకి చెంచా వెళ్లింది.

"డాక్టరుగారూ, ఇది నా పళ్లెం" అంది ఇర్మా, పిల్లలకి చెప్పినట్టు.

"అవునండీ, తెలుసు" అని ఆయన నములుతూనే ఉన్నాడు.

పోనీ తిండియావ అనుకుందామా, ఒక్కోరోజు వ్యవహారం తిరగబడేది. తన పళ్లెంలో ఆకు తీసి పక్కవాళ్లకి వేసేవాడు. పాలుపితికే యంత్రాలు అమ్మే క్లైడ్ పళ్లెం చుట్టూ మోచేతులు కోటగోడల్లా పెట్టుకుని తినేవాడు. ఆ గోడ మీంచే ఒకసారి క్యాబేజీ వచ్చి పడింది. "తీసుకుంటే సహించాను హిల్డమ్మా, ఇప్పుడు పోస్తున్నాడు కూడా!" అని క్లైడ్ గోల.

కిక్కురుమననివాడు ఒక్కడే, గన్నర్. పాడి అమ్మేసి ఊళ్లోకి వచ్చేసిన ముసలి రైతు. కాలికి ఎప్పుడూ పట్టీ చుట్టుకుని ఉంటాడు. ఏమైందయ్యా అంటే "వాతం" అంటాడు. ఏ వాతం, ఎప్పట్నుంచి, ఏ డాక్టరుకి చూపించావు అని నేనడిగితే చెవుడు తెచ్చుకుంటాడు. ఆయన పళ్లెంలోకి చెంచా వచ్చినా, పోయినా ఒకటే మౌనం. పాపం, మంచివాడనుకునేదాన్ని.

నాకా, తెలుసుకోకపోతే అన్నం సయించదు. ఒక సాయంత్రం డాక్టర్ని పళ్లేలు తుడవడానికి వంటింట్లోకి లాక్కెళ్లి అడిగాను. "అసలు మీ ఎలుకలకీ నా పాలకూరకీ ఏమిటి సంబంధం?"

"ఆకుకూరలో విటమిన్ కె ఉంటుందమ్మా. దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టాలంటే అది కావాలి. ఒకసారి వాడగానే అది ఎంగిలి పళ్లెం అయిపోతుంది. లివర్ దాన్ని కడిగి మళ్లీ వడ్డనకి పంపుతుంది. ఇదిగో, మీలాగే."

"మరి మీ మందు?"

"ఆ కడిగే మనిషి చేతులు కట్టేస్తుంది. కడిగిన పళ్లేలు ఉండవు, వడ్డన మందగిస్తుంది, రక్తం తొందరగా గడ్డకట్టదు. ఎలుకకి ఎక్కువ పెడితే లోపల నెత్తురు కారి చస్తుంది. రక్తంలో గడ్డలు కట్టే మనిషికి కొలతగా ఇస్తే బతుకుతాడు."

"ఎవరైనా బజారునుంచి కొత్త పళ్లేలు తెచ్చి కుప్ప పోస్తే?"

"అదేనమ్మా! అదే కదా ప్రమాదం! ఇంక చేతులు కట్టేసి లాభమేముంది!" అని ఆయన ఎంత సంబరపడ్డాడంటే, చేతిలో ఉన్న నా నీలంపూల పళ్లెం జారి ముక్కలైంది. నాకు పళ్లెం గుర్తుంది, పాఠం మర్చిపోయాను.

చివరికి క్లైడూ ఇర్మా కలిసి వచ్చి నిలబడ్డారు. "ఆయన్నైనా ఉంచండి, మమ్మల్నైనా ఉంచండి." ఆ మనిషికి నా బల్ల తప్ప ఇల్లంటూ లేదు. అందుకని తెలివిగా తీర్పు చెప్పాను. డాక్టర్ని బల్ల ఆ చివర, ఎవరికీ అందనంత దూరంలో కూర్చోబెట్టి, ఆయనకొక్కడికే ఇంత గిన్నెడు పాలకూర పెట్టాను. "తినండి, మీ ఇష్టం!" ఆయన ఆ గిన్నె వంక చూసిన చూపుకి నా కడుపు నిండిపోయింది. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. ఆనందం కాబోలనుకున్నాను.

కుర్చీలు మారడంతో గన్నర్ నా పక్కకి వచ్చాడు. పక్కనుంటే నేనూరుకుంటానా? "కాలికి రక్తం పట్టాలయ్యా" అని రోజూ పాలకూర గుట్టగా వడ్డించాను. చెర్రీ పై కోసం ఆయన మింగేవాడు. ఆ చివర్నుంచి కేక వచ్చేది. "హిల్డమ్మగారూ, గన్నర్‌కి చాలు!"

"మీ గిన్నె మీకుంది కదా! కుళ్లుబోతుతనం కాకపోతే!" అని నేను ఇంకో గరిటె వేసేదాన్ని.

ఆదివారం నాడు గన్నర్ కుంటుకుంటూ వచ్చాడు. పట్టీ కింద కాలు దిమ్మలా ఉంది. నేను గుట్ట వడ్డించానో లేదో, డాక్టర్ లేచాడు. బల్ల పొడుగునా నడిచి వచ్చి, గన్నర్ పళ్లెం ఎత్తి, పాలకూర మొత్తం తన నోట్లో కుక్కుకోవడం మొదలుపెట్టాడు.

"చాలు!" అన్నాను. నాకు కోపం వస్తే గోడ మీద గడియారం కూడా ఆగుతుంది. "రేపట్నుంచి మీరు రావద్దు."

ఆయన మింగాడు. మూతి తుడుచుకున్నాడు. టోపీ తీసుకున్నాడు. "సరేనమ్మా. వెళ్లేముందు ఒక్క మాట. గన్నర్‌కి రోజూ ఒకే గరిటె వేయండి, అంచుకి సమంగా. గుట్ట వద్దు. అలాగని మానేయనూ వద్దు. రోజూ అంతే."

"కూర్చోరా లెస్టర్" అన్నాడు గన్నర్. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఇది వాతం కాదు హిల్డా. కాల్లో నెత్తురు గడ్డ. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే నా పని అయినట్టే. అందుకు మాత్ర వేసుకుంటున్నా. ఆకుకూర ఎక్కువైతే అది పనిచెయ్యదు, తక్కువైతే నెత్తురు ఆగదు. ఆ మాత్ర ఏమిటనుకున్నావ్? ఎలుకల మందు."

క్లైడ్ చేతిలో రొట్టె పులుసులో పడింది.

"నా కుర్రతనంలో బూజుపట్టిన క్లోవర్ గడ్డి తిని నా ఆవులు నెత్తురు కారి చచ్చాయి. కొమ్ము కోస్తే కారడం ఆగలేదు. ఆ గడ్డిలో ఉన్నదాన్నే వీళ్లు పట్టుకుని ఎలుకల మందు చేశారు, తర్వాత మనుషులకి మాత్ర చేశారు. నా ఆవుల్ని చంపినదాన్ని నేను పొద్దున్నే నీళ్లతో మింగుతున్నానని ఈ క్లైడ్‌గాడి ముందు చెప్పుకోమంటావా? లెస్టర్‌కి చెప్పా. నోరు విప్పితే చంపేస్తానన్నా. 'ఒక్క నీ పళ్లెంలోనే సర్దితే హిల్డా సాయంత్రానికల్లా పసిగడుతుంది' అన్నాడు. అందుకని అందరి పళ్లేల్లోనూ చెయ్యి పెట్టాడు, పిచ్చి సన్నాసి!"

ఇర్మా తన పళ్లెం డాక్టర్ వైపు ఒక అంగుళం జరిపింది.

"అంటే ఈ బల్ల దగ్గర నిజంగానే ఎలుకల మందు తిన్నవాడు ఒకడున్నాడన్నమాట" అన్నాడు క్లైడ్.

"పెర్ల్‌కి మాత్రం చెప్పకు" అన్నాడు గన్నర్. క్లైడ్ నోట్లో మాట దాగదని తెలిసి కూడా!

అప్పుడే డాక్టర్ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కొన్నాళ్లు అక్కడుంచి, కాలు తగ్గాక పంపారు. ఇప్పుడు గన్నర్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తనే చెప్పుకుంటున్నాడు. "నేను ఎలుకనైతే ఎప్పుడో పోయుండేవాణ్ణి!" ఆయన గరిటె నేను కత్తి అంచుతో సమం చేసి వడ్డిస్తాను. డాక్టర్ తన పాత కుర్చీలోకి వచ్చేశాడు. పులుసు గిన్నె వంచడం మటుకు మానలేదు.

కానీ నాకొక్క అనుమానం మిగిలిపోయింది. మొన్న ఆయన వరండాలో బూట్లు తొడుక్కుంటుంటే అడ్డంగా నిలబడి అడిగేశాను. "డాక్టరుగారూ, నిజం చెప్పండి. గన్నర్ కోసమే తిన్నారు, సరే. కానీ అన్నాళ్లు, అంత పాలకూర! నా చేతి వంట బాగుండబట్టే కదా?"

ఆయన బూటు లేసు కట్టుకుని, లేచి, టోపీ సర్దుకున్నాడు.

"నాకు ఆకుకూర వాసనే పడదమ్మా, చిన్నప్పట్నుంచీ. అయితే ఇన్నాళ్లు అలవాటైన మోతాదుని ఒక్కసారిగా ఆపకూడదు కదా. రేపు నాకూ ఒక గరిటె వేయండి. అంచుకి సమంగా."