పోలికకు పెట్టిన రక్తం

ల్యాబులో ఆయన్ని అందరూ పేరయ్యగారు అనేవాళ్ళు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, పెళ్ళిళ్ళ పేరయ్య అని తోటివాళ్ళు తగిలించిన తోక. పొద్దస్తమానం జతలు కలపడమే ఉద్యోగమైనవాడికి అంతకన్నా మంచి పేరు ఏం దొరుకుతుంది? కాకపోతే ఆయన కలిపేది మనుషుల జతలు కాదు, మనిషి ఒంట్లోని క్రోమోజోముల జతలు.

చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు. రక్తాన్ని మూడు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి, కణాలు పెరిగాక గాజు పలక మీద చుక్క వేసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఫొటో తీసేవారు. అందులో చిందరవందరగా పడి ఉన్న నలభై ఆరు పుల్లల్ని చిన్న కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, పొడుగూ పొట్టీ చూసి, ఇరవై మూడు జతలుగా అట్ట మీద అతికించాలి. పక్కన ఎవడైనా తుమ్మాడంటే పని మళ్ళీ మొదటికి వచ్చినట్టే. అందుకే ఎంత ఉక్కపోసినా ఆయన ఆ గదిలో ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. ఒకసారి ఇరవై ఒకటో నంబరు పుల్ల కనబడక గదంతా గాలిస్తే, అది ఆయన మోచేతికి అంటుకుని క్యాంటీనుకు వెళ్ళి టీ తాగి వచ్చిందని తేలింది.

అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది కడుపు నిలవని ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు. ఆడదాని చేయి సూదికి ముందే సిద్ధంగా ఉండేది. మగాడు మాత్రం నాకెందుకండీ అని గొణిగేవాడు. అప్పుడు పేరయ్యగారు కుర్చీ దగ్గరికి లాక్కుని ఓపిగ్గా చెప్పేవాడు. అండం తయారయ్యేటప్పుడు ప్రతి జతా విడిపోయి సగమే అందులోకి వెళ్తుంది. వీర్యకణంలోనూ అంతే. సగం ఆవిడది, సగం నీది. తేడా ఏ సగంలో ఉందో చూడకుండా ఆవిడదే అని ఎలా అంటావయ్యా? ఈ మాట ఆయన ఎన్ని వందల మందికి చెప్పాడో. ఎంత మొండిఘటమైనా చివరికి చొక్కా చేయి పైకి మడిచేవాడు.

ప్రతి విడతలోనూ రోగుల రక్తంతో పాటు ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా పెట్టాలి. పెట్టెలో వేడి సరిగ్గా ఉందా, మందులు పనిచేశాయా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. దానికి పోలిక రక్తం అని పేరు. ఆ రక్తం ఎప్పుడూ పేరయ్యగారిదే. మనిషి దుక్కలా ఉండేవాడు, పిలిస్తే పలికే దూరంలో ఉండేవాడు. కణాలు పెరిగాయా, నలభై ఆరూ ఉన్నాయా అని చూసి ఫొటోలు బీరువాలో పడేసేవారు. పనిలేనివాడు తప్ప దాన్ని కత్తిరించి జతలు కలుపుతూ కూర్చోడు, అక్కడ పనిలేనివాడు ఎవడూ లేడు.

ఆయన భార్య పెళ్ళినాటికి ఒక బైండింగ్ షాపులో పనిచేసేది. ముద్రించి వచ్చిన కాగితాలు మడిచి, పేర్చి, దారంతో కుట్టేది. ఆవిడ కుట్టిన పుస్తకం చిరిగిపోవాల్సిందే గానీ ఊడిపోయేది కాదని షాపు యజమాని గొప్పగా చెప్పుకునేవాడు. పెళ్ళైన రెండో ఏట మొదటి కడుపు రెండు నెలలకు పోయింది. రెండోది మూడు నెలలకు పోయింది. అప్పుడు డాక్టరు ఇద్దరి క్రోమోజోములూ చూడాలంది. భార్య ఫొటోను ఆయనే రెండు సాయంత్రాలు కూర్చుని కత్తిరించాడు. ఇరవై మూడు జతలూ ముచ్చటగా కుదిరాయి. ఫారంలో భర్త అని ఉన్న గడి దగ్గరికి వచ్చేసరికి నార్మల్ అని తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. అబద్ధం రాస్తున్నానన్న అనుమానం ఆయనకు ఇసుమంతైనా లేదు. అందరి రక్తాన్నీ పోల్చి చూసేదే తన రక్తంతో అయినప్పుడు, దాన్ని మళ్ళీ దేనితో పోలుస్తారు?

ఇద్దరిలోనూ ఏమీ లేదంటే ఇక మిగిలింది ఆవిడ నడవడికే. తల్లి పోయాక ఆయన్ని పెంచి పెద్దచేసింది అక్కే. ఆ అక్క వచ్చి, రోజంతా నిలబడి చేసే పని మానకపోతే కడుపెలా నిలుస్తుందంది. ఆయన మెత్తగానే అడిగాడు, ఆవిడ షాపు మానేసింది. తరవాత మెట్లు మానేసింది, బస్సు మానేసింది, నీళ్ళ బకెట్టు మానేసింది. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టుకుని తల కిందికి ఉండేలా నెలల తరబడి పడుకుంది. మూడోది ఐదో నెల దాకా వచ్చింది. లోపల కదలడం ఆవిడకు తెలిసింది, ఆయన చేయి పట్టుకుని ఆ చోట పెట్టింది కూడా. వారం తిరక్కుండా అదీ పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ ఒకే ఒక్క మాట చెప్పింది. కడుపు పోవడానికి ముందు రోజు ఆయన ఇంట్లో లేనప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దించిందట. ఆయన పోనీలే అన్నాడు. నాలుగోది పోయినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు, ఆవిడా ఏమీ చెప్పలేదు.

ఇవన్నీ పాత సంగతులు. ఇప్పుడు ఆయనకు యాభై ఎనిమిది, ఆవిడకు యాభై రెండు. పైకి ఏ లోటూ కనబడని మొగుడూ పెళ్ళాల్లా సర్దుకుని బతుకుతున్నారు. అక్కకు ఒక్కతే కూతురు. కట్టే భవనాల దగ్గర తిరిగే ఇంజనీరు, హుషారైన పిల్ల. పెళ్ళై మూడేళ్ళైంది. రెండుసార్లు కడుపు పోయింది. రెండోది మొన్న మొన్ననే. అక్క కూతుర్ని తన ఇంటికి తెచ్చుకుని, ఉద్యోగానికి రాజీనామా రాయించడానికి చూస్తోంది. పరంజాలెక్కి దిగేదానికి ఏం నిలుస్తుంది, వాళ్ళ అత్తయ్య దారే పట్టేట్టుందిరా అని తమ్ముడితో ఫోనులో వాపోయింది.

ఆ వారంలోనే ల్యాబులో కొత్తగా చేరిన డాక్టరమ్మ కొత్త యంత్రం మీద చేయి తిప్పుకోవడానికి బీరువాలోని పోలిక ఫొటోలు తీసింది. తప్పు చేసినా ఎవరికీ నష్టం లేని ఫొటోలు కదా అవి. మధ్యాహ్నం ఆవిడ పేరయ్యగారిని పిలిచింది.

"నేనెక్కడో పొరపాటు చేస్తున్నానండీ. నాలుగో జత కుదరట్లేదు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. నాలుగో జతలో ఒకదాని చివర తెగి పదకొండో జతలో ఒకదానికి అతుక్కుంది. దాని చివర వచ్చి దీనికి అతుక్కుంది. రెండు ముక్కలూ ఇంచుమించు ఒకే పొడుగు కాబట్టి జత కలిపి చూడందే ఎవరి కంటికీ ఆనదు. ఆయన మరో ఏడాది ఫొటో తీయించాడు. అదే. ఇంకో ఏడాదిది తీయించాడు. అదే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టైంది ఆయన పని.

అలాంటి మనిషికి రోగం రొష్టూ ఉండవు. ముక్కలు చోటు మారాయే గానీ ఏదీ పోలేదు కనక ఆస్తి మొత్తం ఇంట్లోనే ఉంది. చిక్కంతా వీర్యకణం తయారయ్యేటప్పుడు జరిగే పంపకాల దగ్గరే. జతలు విడిపోయేటప్పుడు ఒక వాటాలో ఒక ముక్క రెండుసార్లు పడుతుంది, ఇంకో ముక్క అసలు పడదు. అలాంటి వాటాతో మొదలైన పిండం కొన్నాళ్ళు పెరిగి ఆగిపోతుంది. తల్లి నిలబడినా ఆగిపోతుంది, పడుకున్నా ఆగిపోతుంది. సరైన వాటాలూ పడుతుంటాయి. పిండాన్ని బయట తయారుచేసి, కడుపులో పెట్టక ముందే వాటా చూసి ఎంచే పద్ధతి పదేళ్ళుగా ఆ భవనంలోనే పై అంతస్తులో ఉంది. ఎందరికో ఆ కాగితాలు రాసి పంపింది ఆయనే.

ఆ రక్తం తనదని డాక్టరమ్మకు చెప్పాడు.  తోబుట్టువులుంటే వాళ్ళూ చూపించుకోవాలని మాత్రం అంది ఆవిడ.

తొమ్మిది రోజులు ఆయన ఇంట్లో నోరు విప్పలేదు. మానిన పుండు మళ్ళీ రేపడమెందుకు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మానిందని ఆయనకు ఎవరు చెప్పారో మరి. ఆవిడ బాధపడుతుందన్న దిగులు కొంతే, ఆవిడ ముందు దోషిలా నిలబడాలన్న భయమే కొండంత.

పదో రోజు ఉదయం ఆవిడ సంచిలో బట్టలు సర్దుకుంటోంది. వదిన ఫోన్ చేసిందట. ఒకసారి వచ్చి, నువ్వు అప్పట్లో ఏమేం జాగ్రత్తలు తప్పావో పిల్లకు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు, కాస్త భయపడి మాట వింటుంది అని అడిగిందట. సరేనన్నానంది ఆవిడ, మామూలుగా.

పేరయ్యగారు మంచం మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. నాలుగో జత, పదకొండో జత, పంపకాలు, ఫారంలో తన చేతిరాత, అన్నీ చెప్పాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు అంత చక్కగా చెప్పేవాడు, పెళ్ళాం దగ్గర నాలుగు వాక్యాలకు నలభైసార్లు తడబడ్డాడు. ఆవిడ చేతిలో మడత పెట్టిన చీర అలాగే ఉంది.

"అయితే షాపు మానక్కర్లేదు."

"అక్కర్లేదు."

"ట్రంకుపెట్టె వల్ల కాదు."

"కాదు."

"ఆ రోజు నేను పెట్టె సంగతి చెప్తే మీరేమన్నారో గుర్తుందా?"

"పోనీలే అన్నాను."

"అది మీ మంచితనం అనుకున్నానండీ ఇన్నేళ్ళూ. బిడ్డని చంపుకొచ్చినా ఒక్క మాట అనలేదని."

ఆయన తల వంచుకుని ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు, ఓదార్చనూ లేదు. మీ ఒంట్లో ఉన్నదానికి మీరేం చేస్తారని అంటుందేమోనని ఆయన లోలోపల ఆశపడ్డాడు. ఆవిడ అనలేదు. చీర సంచిలో పెట్టి, మీ అక్కకు మీరు చెప్పండి, పిల్లకు నేను చెప్తాను అని చెప్పులు వేసుకుంది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అక్క ఇంట్లో ఆయన వంటగదిలోకి వెళ్ళి, పొయ్యి ముందు నిలబడ్డ ఆవిడతో, లోపం నాదక్కా, మొదటినుంచీ నాదే, నీ రక్తమూ పిల్ల రక్తమూ చూడాలి అన్నాడు. అక్క గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. మరదల్ని తానన్న మాటలన్నీ ఆవిడకు ఒక్కసారిగా గుర్తొచ్చి ఉండాలి. పొయ్యి ఆర్పేసింది.

ఆయన పిల్ల గది గుమ్మం దాకా వచ్చి ఆగాడు. మేనకోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భార్య మంచం అంచున కూర్చుని పిల్ల వీపు మీద చేయి వేసింది.

"నువ్వు ఎక్కినందుకూ కాదు, దిగినందుకూ కాదు. నువ్వేమీ చెయ్యలేదమ్మా. రక్తం చూపించుకో. వంశంలో ఉన్నది నీకూ వచ్చిందేమో తెలుస్తుంది. వచ్చినా ఇప్పుడు దారి ఉందట. ఉద్యోగం మాత్రం మానకు."

పిల్ల ఇటు తిరిగింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నిజంగా నా వల్ల కాదా? మరి నీకు అప్పుడు ఈ మాట ఎవరు చెప్పారత్తయ్యా?"

"నాకెవరూ చెప్పలేదమ్మా" అంది ఆవిడ.

అని, ఆవిడ ఏడ్చింది. నలుగురు బిడ్డలు పోయినప్పుడు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. పిల్ల లేచి కూర్చుని అత్తయ్యను రెండు చేతులా పొదివి పట్టుకుంది. పేరయ్యగారు సంచి పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆ ఇద్దరిలో ఎవరూ అనలేదు.