ఫ్రెంచి క్రియకు దిష్టి తీశారు

మేం పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌లోకి మారిన కొత్తలో ఆఫీసువాళ్ళు క్లయింటు కోసం నన్ను ఫ్రెంచి నేర్చుకోమన్నారు. కొన్నాళ్ళు క్లాసులయ్యాక, ఆ రోజు తెల్లారితే పరీక్ష. 'వెళ్ళు' అనే క్రియ వాళ్ళ భాషలో మనిషి మారితే రూపమే మార్చేస్తుంది. "జు వే, త్యు వా, ఇల్ వా" అని కళ్ళు మూసుకుని, ఊగిపోతూ వల్లిస్తున్నాను.

అప్పుడే గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "పిల్లమీద ఎవరి కళ్ళు పడ్డాయో" అంటూ ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి, మూకుడులో వేసి స్టవ్ వెలిగించారు. ఆపితే మరిచిపోతానన్న భయంతో నేను వల్లిస్తూనే ఉన్నాను.

తెరిచిన తలుపులోంచి పొగ కారిడార్‌ని కమ్మేసి ఫైర్ అలారం మోగింది. టవరంతా దగ్గుతూ మెట్లు దిగింది. వాళ్ళలో అదే టవర్లో ఉండే మా ఆఫీసు మేనేజరు కూడా లుంగీతో ఉన్నారు.

"ఏం కాలబెట్టిన్రమ్మా?" అన్నాడు సెక్యూరిటీ సూపర్‌వైజర్, కళ్ళు తుడుచుకుంటూ.

అత్తగారు నింపాదిగా, "ఇంతమందికి ఘాటు తగిలిందంటే దిష్టి లేనట్టేనండి. మా కోడలిది ఉత్త చదువే" అన్నారు.

పరీక్ష గట్టెక్కాను. ఆ క్రియని ఇప్పటికీ తడుముకోకుండా చెప్తాను. కాకపోతే, ముందు దగ్గొస్తుంది.