తిరిగొచ్చిన సంచులపై నా పరిశోధన

ఒక ప్రయోగం పూర్తిగా సఫలమై, దాని ఫలితం ముమ్మాటికీ నిజమై, అయినా చేసినవాడు వీధిలో తలెత్తుకుని తిరగలేని స్థితి రావడం సాధ్యమా అని మీరు సందేహించవచ్చు. సాధ్యమే. కర్ణాటకలోని చింతామణి ఊళ్ళో, పట్టపగలు, నా చేతుల మీదుగానే జరిగింది. అంతటి ఘోరాన్ని ఇప్పుడు మీకు పూసగుచ్చినట్టు చెబుతాను. నవ్వదగిన చోట మొహమాటపడకుండా నవ్వండి.

అప్పట్లో నేను అక్కడి ఒక కాలేజీలో పీయూసీ, అంటే ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. సొంత ఊరు చిక్కబళ్ళాపురం. మా తాతలు గుడిలో మంత్రం చెప్పి బతికారు. నేను ఆ మంత్రానికి ఆధారమేమిటని అడుగుతూ పెరిగాను. పాలమ్మే ఆవిడ చిక్కటి పాలంటే లాక్టోమీటరు ముంచేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో అమ్మాయి బాగా పాడుతుందని పెద్దలు చెబితే, "ఎవరు విన్నారు?" అని అడిగి, బంగారంలాంటి సంబంధాన్ని కాఫీ చల్లారేలోపల చెడగొట్టుకున్న ఘనుణ్ణి.

నేను అద్దెకున్న వీధిలో హిందువులు, ముస్లిములు కలిసి ఉండేవారు. వీధి చివర తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే ఖాదర్ సాబ్‌గారి దుకాణం. దాని వెనక హాలులో ఆయనా, అక్కడి మిగతా ముస్లిం పెద్దలూ నడిపే సేవాసంఘం ఉండేది. సాయంత్రాలు ఏ కులంవారి పిల్లలకైనా ఉచితంగా పాఠాలు, నెలకొకసారి ఇళ్ళకు సరుకుల సంచులు. ఆ హాలులో రసాయనశాస్త్రం నేనే చెప్పేవాణ్ణి. నా క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల శిరీష. చెప్పింది రాసుకోవడంతో ఆగక, ఎందుకని అడిగేది. నాకు అంతకన్నా ఏం కావాలి?

శిరీష తండ్రి రెడ్డెప్ప. చాకవేలులో తరాలుగా భూములున్న రైతు. బోర్లు ఒకదాని తరువాత ఒకటి ఎండిపోయాక, కూతురి చదువు కోసం మా వీధిలో చిన్న పోర్షన్ తీసుకుని చేరాడు. ఇస్త్రీ చొక్కా, తెల్లపంచె, భుజాన మడత నలగని కండువా. ఎవరైనా కాఫీకి పిలిస్తే, ఇప్పుడే తాగి వస్తున్నానని చెప్పే మనిషి. శిరీషకు డాక్టరు కావాలని ఉండేది. బెంగళూరులో కోచింగ్ అన్నది ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తి అనే మాట కాదు. ఆ హాలులో సాయంత్రపు పాఠాలే ఆ పిల్లకున్న ఒకే దారి.

ఇక సంచుల సంగతి. తెల్లగుడ్డ సంచుల్లో బియ్యం, కందిపప్పు, నూనె పెట్టి వీధిలో ప్రతి గడపకూ ఇచ్చేవారు. పేదలకిస్తే అర్థముంది. చక్కెర టోకు వ్యాపారి గుండప్ప శెట్టిగారికీ ఇచ్చేవారు. ఆయన కారు మా వీధిలోకి పట్టక మలుపులోనే ఆగిపోతుంది. అలాంటి మనిషికి కందిపప్పు దానమా? నాకూ ఒక సంచి వచ్చింది. ఇదేమిటని ఖాదర్ సాబ్‌ను అడిగాను. "అందరికీ ఇస్తాము సారూ, మీరూ తీసుకోండి" అన్నాడు. ఇది జవాబు కాదని మీరూ ఒప్పుకుంటారు. జవాబు కోసం ఎదురుచూస్తూనే ఆ పప్పు వండుకుని తిన్నాను. పప్పు బాగుండింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, శెట్టిగారు దుప్పటి కప్పుకుని, దుప్పటి కింద సంచితో, సంఘం వెనకతలుపులోంచి లోపలికి దూరడం చూశాను. ఎండాకాలంలో దుప్పటి! మరునాడు ఇంకొకాయన. ఆ తరువాత ఒకావిడ, బిందెలో సంచి పెట్టుకుని. నా ముందు రెండు సిద్ధాంతాలు నిలిచాయి. ఒకటి, నా కళ్ళు దెబ్బతిన్నాయి. రెండు, సంచులు ముందుతలుపులో పంచినట్టు చూపించి, వెనకతలుపులో తిరిగి రాబట్టి, బజారులో అమ్ముకుంటున్నారు. కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. కళ్ళు భేషుగ్గా ఉన్నాయని తేలింది. కాబట్టి రెండోదే నిజం. మూడో సిద్ధాంతం ఒకటి ఉండవచ్చని, ఇన్నేళ్ళు పిల్లలకు తర్కం బోధించిన ఈ బుర్రకు తట్టలేదు.

తరువాతి నెల సంచులు నేనే పంచుతానని ముందుకొచ్చాను. ఖాదర్ సాబ్ ఎంతో సంతోషించాడు. కాలేజీ ల్యాబ్ నుంచి తెచ్చిన ఫినాఫ్తలీన్‌తో ప్రతి సంచి అంచు మీదా ఆ ఇంటి నంబరు రాశాను. ఆరితే ఏమీ కనిపించదు. చాకలిసోడా నీళ్ళు చల్లితే మాత్రం గులాబీ రంగులో భగ్గున వికసిస్తుంది. వారం తరువాత సంఘం గదిలో తిరిగొచ్చిన సంచులను రహస్యంగా ఎత్తి చూశాను. ఇచ్చినప్పటికంటే బరువుగా ఉన్నాయి. దొంగసొత్తు బరువు పెరగడం ఏ శాస్త్రంలోనూ లేదు. అక్కడైనా ఆగవలసింది. నా నడుము నొప్పి వల్ల కలిగిన ప్రయోగదోషమని సర్దిచెప్పుకుని ముందుకు సాగాను.

నెలాఖరు ఆదివారం హాలులో పెద్దల సమావేశం. వీధివారందరూ వచ్చారు. పరీక్షలో మొదట నిలిచినందుకు శిరీషకు బహుమతి ఇస్తారని రెడ్డెప్ప ముందువరుసలో కూర్చున్నాడు. పిల్లలకు చిన్న ప్రయోగం చూపిస్తానని నేను లేచి, గదిలోంచి సంచులు తెచ్చి బల్లమీద పేర్చాను. ఖాదర్ సాబ్ మొహం మారింది.

"సారూ, ఆ సంచులు ఎందుకప్పా? లోపల పెట్టేద్దాము."

తప్పుచేసినవాడి తడబాటు ఇలాగే ఉంటుందని నాలో నేను మురిసిపోయాను. "ఒక్క నిమిషం. ఏ సంచి మీద నంబరు కనిపిస్తుందో, అది ఆ ఇంటి నుంచి తిరిగొచ్చిన సంచి. ఏ నంబరు కనిపించదో ఆ ఇల్లు నిజాయితీ గల ఇల్లు" అని ప్రకటించి సోడానీళ్ళు చల్లాను.

నంబర్లు పూలలాగా విచ్చుకున్నాయి. ఒక్కొక్కటీ గట్టిగా చదివాను. ఒక్కొక్కరే తల దించుకున్నారు. మీరు నమ్మరు, నాకు చప్పట్ల కోసం ఆగాలనిపించింది.

శెట్టిగారు లేచారు. "నా సంచి నేనే తెచ్చిచ్చినాను. నెలనెలా తెస్తాండాను. దాంట్లో రెండు అచ్చులు బెల్లం కూడా యేసినాను. ఇదేమి దొంగతనం సారూ?"

అందరూ నావైపు తిరిగారు. నేను మాత్రం ఆగలేదు. వేగంగా వచ్చే లారీ బ్రేకు వేయగానే ఆగదు కదా. తిరిగిరాని నంబర్లు మూడు అప్పటికే నా నాలుక చివర ఉన్నాయి. అవీ చదివేశాను. ఒకటి వీధి మొదట్లో ఒంటరిగా ఉండే హుసేన్‌బీది. ఇంకొకటి రెడ్డెప్పది. మూడోది నాది.

హుసేన్‌బీ నోట్లో ఆకువక్క ఒకపక్కకు తోసి అడిగింది. "నాకేమి సిగ్గు నాయనా, నాకు లేదని ఊరికంతా తెలుసును. మీదీ తిరిగి రాలేదే. మీకు జీతం ఇయ్యలేదా ఏమి, పాపము?"

హాలంతా గొల్లుమంది. అందులో ఎక్కువ భాగం నన్ను కాపాడడానికి నవ్విన నవ్వని ఇప్పుడు అర్థమవుతుంది. రెడ్డెప్ప నవ్వలేదు. కండువా తీసి, మళ్ళీ మడతపెట్టి, భుజాన వేసుకుని, శిరీష చేయి పట్టుకుని వెళ్ళిపోయాడు. బహుమతి బల్లమీదే ఉండిపోయింది.

తరువాత ఖాదర్ సాబ్ నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పాడు. మొదట్లో లేనివాళ్ళకే ఇచ్చేవారట. సంచి చూసి వాళ్ళు తలుపు తీసేవారు కారట. అందుకని అందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కరలేనివాళ్ళు చీకటిపడ్డాక, తమకు తోచింది ఇంకాస్త కలిపి వెనకతలుపులో ఇచ్చిపోతారు. ఎవరు తిరిగి ఇచ్చారో, ఎవరు ఉంచుకున్నారో వీధికి తెలియదు. మీరూ సంచి తిరిగి తెస్తారేమో, అప్పుడు ఈ సంగతి చెబుదామని నాలుగు నెలలుగా చూస్తున్నానని కూడా అన్నాడు. "మీరు పప్పు తినేస్తాండారు, మీకూ ఇబ్బందేమో అనుకున్నాము సారూ" అని మెల్లగా జతచేశాడు.

ఎవరికి మందు అందుతోందో, ఎవరికి ఉత్తి మాత్ర అందుతోందో తెలియనివ్వని ప్రయోగం ఎంత గొప్పదో నేను ఏటా ఒక గంట పాఠం చెబుతాను. అంతటి ప్రయోగం నా వీధిలోనే, దుప్పట్ల కింద, బిందెల్లో నడుస్తుంటే సోడానీళ్ళు చల్లి దాన్ని పాడుచేసినవాణ్ణి నేనే.

వారం తిరక్కుండా రెడ్డెప్ప ఇల్లు ఖాళీ చేసి సొంతూరు వెళ్ళిపోయాడు. నేను బాగేపల్లి వెళ్ళి, బస్సు మారి, చాకవేలు చేరాను. వాకిట్లో కుర్చీ వేశాడు. క్షమించమన్నాను. శిరీషను మళ్ళీ పాఠాలకు పంపమన్నాను. ఆయన లోపలికి వెళ్ళి, రాగుల మూట ఒకటి మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇన్ని దినాలు పాపకు చదువు చెప్పినారు. ఇది మీ ఫీజు సారూ."

వద్దన్నాను.

"మాకు లేదనుకోవద్దు. లోపల ఇంకా ఉండాయి."

తీసుకుంటే లెక్క తీరిపోతుంది, శిరీష ఇక రాదు. వద్దంటే, నీకు లేదని నేను రెండోసారి అన్నట్టు. శిరీష గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. మూట ఎత్తుకున్నాను.

బస్సులో కండక్టరు మూటకు టికెట్టు కొట్టి, "సొంత పంటనా సారూ?" అని అడిగాడు. కాదు, ఫీజు అన్నాను. రాగులు ఫీజుగా తీసుకునే మేష్టర్లు ఇంకా ఉన్నారా అని ఆశ్చర్యపడి, నన్ను పెద్దమనిషి కింద లెక్కవేసి కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

శిరీష ఇంట్లోనే చదివి పీయూసీ గట్టెక్కింది. మెడికల్ సీటు రాలేదు. నా పాఠాలు వినివుంటే వచ్చేదని నిరూపించలేను. ఒక్క ఉదాహరణతో ఏదీ నిరూపణ కాదు. నిరూపణ లేదన్న మాట నాకు ఊరట ఇవ్వని సందర్భం జీవితంలో ఇదొక్కటే.

కాబట్టి, నా డిగ్రీల సాక్షిగా, బాగేపల్లి బస్టాండులో మూట దించుకుని గంభీరంగా చేసిన ప్రతిజ్ఞను ఇక్కడ మళ్ళీ చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా తలుపు దగ్గరగా వేసి "లోపల ఇంకా ఉండాయి" అంటే నమ్ముతాను. ఆధారం అడగను. తూకం వేయను. ఆ రోజు మూట తేవడానికి ఆయన తీసిన తలుపు సందులోంచి లోపలి గచ్చు, ఒక్క మూట అడ్డులేకుండా, మూలమూలలా కనిపించింది. నేనేమీ చూడలేదు.