బిగించిన నడుం బెల్టు

2016. తూర్పు తీరంలో త్రివిధ దళాల పెద్ద విన్యాసం. ల్యాండింగ్ షిప్ అంటే ఒడ్డు దాకా వచ్చి, ముందు తలుపును ర్యాంపులా నీళ్లలోకి దించే ఓడ. అందులోంచి దిగి తీరాన్ని పట్టుకోవడం మా పని. శ్రీరాంపూర్ వాడిని, అప్పటికి పదిమందికి హవల్దార్‌ని.

ఒడ్డున శత్రువు లేడు. షామియానా కింద కుర్చీలున్నాయి, వాటిలో అతిథులు. ఆ కుర్చీలను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మీద అంతకన్నా ఎక్కువ మండుతుంది.

నీళ్లలోకి దిగేముందు వీపు మీది ప్యాక్ నడుం బెల్టు విప్పాలి. పడితే మూట వదిలేసి పైకి తేలడానికి. రిహార్సల్లో బెల్టులు విప్పితే మూటలు ఊగాయి. "వరుస అందంగా కనబడాలి" అన్నాడు ఆఫీసర్. బెల్టు మాట ఆయన ఎత్తలేదు. బిగించమన్నది నేను.

లాన్స్ నాయక్ రాజన్నది హుజూరాబాద్. విన్యాసం రోజు ర్యాంపు దించేముందు నా పక్కకు వచ్చాడు.

"అన్నా, బెల్టు ఇప్పుకోనియ్. పడ్డననుకో, గీ మూటనే నన్ను ముంచుతది."

"గంత భయమైతే హుజూరాబాద్ అంగట్ల ఎడ్లు అమ్ముకోరాదు?"

అందరూ నవ్వారు.

"ఎడ్లు గూడ లోతు జూసి ఆగుతయన్నా" అని బెల్టు బిగించుకున్నాడు.

ర్యాంపు దిగి పరుగెత్తుతుంటే మోకాటి లోతు ఉన్నట్టుండి గుంట అయింది. రాజన్న బోర్లా పడ్డాడు. మూట మీద, మనిషి కింద. చెయ్యి ఒక్కటే పైకి కనిపించింది. నేను చూశాను. చూసి కూడా వరుస చెడకూడదని ముందుకే పరుగెత్తాను. వెనకవాళ్లిద్దరు కత్తితో బెల్టు కోసి అతన్ని లాగారు. షామియానా కింద చప్పట్లు మోగుతూనే ఉన్నాయి.

ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. విచారణలో నన్ను అడిగారు. "బెల్టు విప్పమని అందరికీ చెప్పాను సర్, అతను వినలేదు" అన్నాను. మిగతావాళ్లు నేల చూశారు. తప్పు రాజన్న పేరున పడింది. ప్రమోషన్ వచ్చి నాయక్ కావాల్సినవాడు ఆ ఏడాదే ఇంటికి పోయాడు. నేను నిండు సర్వీసు చేసి, సన్మానం చేయించుకొని వచ్చాను.

పోయిన ఏడాది హుజూరాబాద్ వెళ్లాను. అతనిది విత్తనాల దుకాణం. బస్తా ఎత్తబోయి మధ్యలోనే ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు, చాయ్ తెప్పించాడు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది.

"తప్పు నాదే రాజన్నా. ఆనాడు అబద్ధం చెప్పిన."

"నాకెందుకు చెప్తున్నవన్నా? నాకు ఎరుకే గద. ఎరుక లేనోళ్లకు చెప్పు."

తప్పు చేసినవాడు, దెబ్బ తిన్నవాడి ముందు తల వంచితే సరిపోతుందనుకున్నాను. సరిపోదు. అబద్ధం ఎక్కడ చెప్పామో అక్కడే దాన్ని వెనక్కి తీసుకోవాలి. పల్టన్‌కు ఉత్తరం రాశాను. జవాబు లేదు. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను: లాన్స్ నాయక్ రాజన్న బెల్టు విప్పుకుంటానన్నాడు. బిగించమన్నది నేను.