మయూర్ విహార్ మీద అరుంధతి

ఢిల్లీలో కరెంటు పోతే సంతోషించిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. మే నెల సాయంత్రాల్లో ఆంధీ లేచేది. దుమ్ము రేగి, తలుపులు కొట్టుకుని, నాలుగు చినుకులు పడేసరికి ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మనేది. మా సొసైటీలో ప్రతి కిటికీలోంచీ కరెంటు ఆఫీసు వాళ్ళ మీద తిట్లు మొదలయ్యేవి. నేను మాత్రం కెమెరా సంచీ, ట్రైపాడూ భుజాన వేసుకుని మేడమీదికి పరుగెత్తేవాణ్ణి. గాలివాన ఆకాశాన్ని కడిగిపెట్టేది, చీకటి దాన్ని చూడనిచ్చేది. మిగతా రోజుల్లో మా నెత్తిమీద ఉండేది ఆకాశం కాదు, వీధి దీపాల పసుపు మురికి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మయూర్ విహార్‌లో నాలుగో అంతస్తులో అద్దె ఫ్లాటు, కొత్త కాపరం. తోటి తెలుగువాళ్ళు షేర్లు కొన్నారు, స్థలాలు కొన్నారు. నేను ఒక పాత ఫిల్ము కెమెరా, అంతకంటే పాత టెలీ లెన్సూ కొనుక్కుని నక్షత్రాలకు ఫోటోలు తీద్దామని బయల్దేరాను. అదీ ఢిల్లీలో. గొడ్డుగేదెను పాడికి కొన్నవాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు నన్ను.

మొదటి రోల్ కడగడానికిస్తే ల్యాబ్ అతను దాన్ని నా చేతిలో పెట్టి, "సర్‌జీ, పూరా ఖాళీ హై. ఢక్కన్ నహీ ఖోలా క్యా?" అన్నాడు, మూత తీయకుండా ఫోటోలు తీశారా అని. పైగా ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో తెలియక ఎక్కడపడితే అక్కడ కత్తిరించాడు. సప్తర్షుల్లో నలుగురు ఒక ముక్కలోనూ ముగ్గురు ఇంకో ముక్కలోనూ పడ్డారు.

దానికి విరుగుడు ఉంది. రోల్‌లో మొదటి ఫ్రేము పగటి వెలుగులో ఏదో మామూలు ఫోటో తీయాలి. ల్యాబ్ వాడికి దాని అంచు కనబడుతుంది, అక్కణ్ణించి కొలుచుకుని కత్తిరిస్తాడు. అంచేత కొత్త రోల్ వేసినప్పుడల్లా మా ఆవిణ్ణి బాల్కనీలో నిలబెట్టి ఒక ఫోటో తీసేవాణ్ణి. ఆమె జడ ముందుకు వేసుకుని, కొంగు సర్దుకుని నిలబడేది. క్లిక్కుమనిపించి కెమెరా మూసేసేవాణ్ణి.

"ఇంకోటి తియ్యండి, కళ్ళు మూసేశానేమో," అనేది.

"పర్లేదు, ఇది కొలతకే," అన్నాను ఒకసారి. ల్యాబ్ వాడి సంగతంతా వివరంగా చెప్పాను కూడా. ఆ తర్వాత కొంగు సర్దుకోవడం మానేసింది. అప్పట్లో అది నాకు సదుపాయంగానే ఉండేది, పని తొందరగా అయ్యేది.

ఇంతకీ నేను పడుతున్న పాట్లన్నీ ఒక్క ఫోటో కోసం. అరుంధతి కోసం. మా పెళ్ళిలో పట్టపగలు, నడినెత్తిన ఎండ కాస్తుంటే, పంతులుగారు మమ్మల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించారు. "అదిగోనమ్మా అరుంధతి. కనిపించిందా?" ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికి బిక్కమొహం వేసింది. "కనిపించిందని చెప్పు తల్లీ, అవతల వంటలు చల్లారిపోతున్నాయి," అన్నారాయన. "కనిపించిందండీ," అంది. అందరూ నవ్వారు. అందరి పెళ్ళిళ్ళలోనూ జరిగేదే, ఎవరికీ ఏమీ అనిపించదు. నాకు మాత్రం అది ముల్లులా ఉండిపోయింది. ఆయన వేలు చూపించింది దక్షిణం వైపు. అరుంధతి ఉండేది ఉత్తరాన. కాపరం మొదలుపెట్టిన మాటే అబద్ధం కావడం నాకు నచ్చలేదు. ఎప్పటికైనా నిజం అరుంధతిని ఆమెకి చూపించాలి, నిజంగా కనిపించిందని ఆమె నోట అనిపించాలి. అదీ నా పంతం.

అరుంధతి కనబడనివాడికి ఆర్నెల్లే ఆయువని మనవాళ్ళంటారు. ఆ లెక్కన ఢిల్లీ ఎప్పుడో వల్లకాడు కావాలి. సప్తర్షుల తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, ఆయన్ని ఆనుకుని ఉండే సన్నచుక్క అరుంధతి. మా మేడమీంచి వసిష్ఠుడు కనబడితేనే గొప్ప.

ఒకసారి ఆమెని గ్రేటర్ నోయిడా అవతలికి తీసుకెళ్ళాను. అప్పటికింకా అటు పొలాలుండేవి. ట్రైపాడ్ నిలబెట్టానో లేదో పోలీసు జీపు వచ్చి ఆగింది. తారల ఫోటోలంటే, "దిల్లీ మే తారే నహీ హై క్యా?" అంటూ ఒకతను నవ్వాడు, ఢిల్లీలో చుక్కలు లేవా అని. ఇంకొకతను టార్చి ఆమె మొహం మీద వేసి, ఈయన నీ భర్తేనా అని అడిగాడు. ఔనన్నా మళ్ళీ అడిగాడు. మంగళసూత్రం బయటికి తీసి చూపించింది. ఇంటికొచ్చాం. తాళం తీస్తూ, "ఇంకెప్పుడూ నన్ను చీకట్లోకి తీసికెళ్ళకండి," అంది.

తీసుకెళ్ళలేదు. చీకటే మా ఇంటికి వస్తుంటే ఎక్కడికో వెళ్ళడమెందుకు? కరెంటు పోగానే నేను పైకి, ఆమె కింద కొవ్వొత్తి దగ్గర. మబ్బు విడిస్తే మెట్ల మీంచి కేకేసేవాణ్ణి, "రా, ఇవాళ కనిపిస్తుంది!" అని. ఆమె టార్చి పట్టుకుని వస్తుంటే, "టార్చి ఆర్పు! కళ్ళు చీకటికి అలవాటు పడాలి," అని అరిచేవాణ్ణి. తడుముకుంటూ ఎక్కి వచ్చేది.

"అదిగో, తోకలో మధ్య చుక్క, దాని పక్కన. కనిపించిందా?"

"ఆఁ, కనిపించింది."

నేను పొంగిపోయేవాణ్ణి. ఫోటో ఒకటి దొరికితే చాలు, ఇంట్లో గోడకి పెట్టుకోవచ్చు అనుకునేవాణ్ణి.

రెండో వేసవి ముందు సొసైటీ మీటింగులో జనరేటర్ కొనాలని తీర్మానించారు. మెట్లన్నిటికీ దీపాలు, మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన పెద్ద హాలోజెన్. వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే. సెక్రటరీ రిటైరైన పెద్దమనిషి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "భాయ్‌సాబ్, లోగ్ రోశ్నీ మాంగ్‌తే హై, ఆప్‌కో అంధేరా చాహియే?" అన్నాడు, అందరూ వెలుగు అడుగుతుంటే మీకు చీకటి కావాలా అని. గది గొల్లుమంది. వెలుగు వద్దనే మొదటి మనిషిని చూశామన్నట్టు చూశారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మంటే.

జనరేటర్ వచ్చింది గానీ వైరింగు పూర్తికాలేదని విన్నాను. మే నెలలో ఒక సాయంత్రం ఆంధీ వచ్చి, వాన వెలిసి, కరెంటు పోయింది. పైకెళ్ళి చూస్తే, ఢిల్లీలో అటువంటి ఆకాశం నేను మళ్ళీ చూడలేదు. సప్తర్షులు ఉత్తరాన నిటారుగా నిలబడి ఉన్నారు. వసిష్ఠుడి పక్కన అరుంధతి ఉత్త కళ్ళకే కనబడింది. గబగబా ఫోటోలు తీసుకున్నాను. తర్వాత కేకేశాను. ఆమె వచ్చింది, టార్చి లేకుండానే.

"ఇవాళ వెతకనక్కర్లేదు. మధ్య చుక్క పక్కన, చూడు. కనిపించిందా?"

"కనిపించిందండీ."

సంతోషం పట్టలేక ఆమె వైపు తిరిగాను. ఆమె ఆకాశంలోకి చూడటం లేదు. గోడ పట్టుకుని, మెట్ల తలుపు వైపు చూస్తోంది. ఎంతసేపట్నించి అలా చూస్తోందో.

నేను నోరు తెరిచేలోపు కింద జనరేటర్ డబడబమంది. ట్యాంకు పక్క హాలోజెన్ భగ్గుమంది. వసిష్ఠుడు, అరుంధతి, అంతా పోయింది.

"హమ్మయ్య," అంది.

అంత తేలికపడి ఆమె మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి వినడం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"జనరేటర్ పెట్టించమని సెక్రటరీగారి ఆవిడకి నేనే చెప్పాను," అంది, నేను అడక్కుండానే. "ఆ మెట్లు ఎక్కలేక చస్తున్నానండీ."

"మరి ఇన్నాళ్ళూ కనిపించింది, కనిపించింది అని ఎందుకన్నావ్?"

"పంతులుగారు అనమన్నారు, అన్నాను. మీరడిగారు, అన్నాను. అనకపోతే కిందికి పోనిస్తారా?"

ఆ రోల్ కడిగించాను. మొదటి ఫ్రేములో ఆమె, బాల్కనీలో ఎండకి కళ్ళు చికిలించుకుని. తర్వాత చీకటి ఫ్రేములు. వాటిలో ఒకటి అద్భుతంగా వచ్చింది. పెద్ద చుక్కా, దాని పక్కన చిన్న చుక్కా, సూదితో పొడిచినంత స్పష్టంగా. పెద్ద సైజులో ప్రింటు వేయించి భోజనాల బల్ల మీద, ట్యూబ్‌లైట్ కింద, ఆమె ముందు పెట్టాను. ఇప్పుడు చీకటి లేదు, మెట్లు లేవు, పోలీసులు లేరు.

"చూడు. ఇప్పుడైనా కనిపించిందా?"

ఆమె తడిచేతులు తుడుచుకుని ప్రింటు తీసుకుంది. దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను చూపించినదాన్ని ఆమె అంతసేపు చూడటం అదే మొదలు. గుడ్డివాడికైనా కనబడే చుక్కలవి.

"లేదండీ," అంది. "కనిపించలేదు."

ప్రింటు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మనవాళ్ళ ఆర్నెల్ల మాట నేను ఢిల్లీ మీద వేసి నవ్వుకున్నాను. ఆర్నెల్లు తిరక్కుండానే ఆమె హైదరాబాదులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. నాకిప్పటికీ కోపమే. ఎవరి మీదో అడిగితే మాత్రం చెప్పలేను. ఆ ఫోటో ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్ళకి వేలు పెట్టి చూపిస్తాను, కనిపించిందా అని అడుగుతాను. అందరూ కనిపించిందనే అంటారు.